మీకు తెలుసా? తార్నాక నుంచి మధ్యాహ్నపు సూది దాకా

"అత్తా, పైకి తీసుకెళ్లేది కేబుల్ కారే కదా. టికెట్ కొనుక్కుని ఎక్కితే అయిపోదా?" అని అడిగింది మా మేనకోడలు. తను హైదరాబాదు తార్నాకలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచ్ చదువుతోంది. పోయిన వేసవిలో ఫ్రాన్స్ ప్రయాణం ఖాయమైనప్పటి మాట ఇది. ఆల్ప్స్ పర్వతాల్లో షమొనీ అనే ఊరుంది. అక్కణ్నుంచి ఎగ్వీ దు మిది శిఖరం ఎక్కాలని తన కోరిక. ఎత్తు 3,842 మీటర్లు.

"అయిపోదమ్మా" అన్నాను. కొన్నేళ్ల కిందట ఒక టూర్ కంపెనీ వాళ్లతో ఆల్ప్స్‌లోనే మరో శిఖరానికి వెళ్లాం. దానికి వాళ్లు కేటాయించింది ఒక్క పూట. పైన దిగేసరికి చుట్టూ తెల్లటి మబ్బు. రెయిలింగ్ అవతల ఏముందో ఎవరికీ తెలియలేదు. నలభై నిమిషాలు చలిలో నిలబడి దిగొచ్చేశాం. మర్నాడు పొద్దున్న బస్సు ఆ లోయ దాటుతుంటే వెనక అద్దంలోంచి అదే శిఖరం ఎండలో మెరుస్తూ కనిపించింది. ఆ బాధ ఈ పిల్లకు ఉండకూడదనుకున్నాను. రెండు నెలలు సాయంత్రాలు కూర్చుని ఇద్దరం నోట్సు రాసుకున్నాం. అందులోవి ఇవి.

● తార్నాక పేరులోనే తీగ ఉంది. ఉర్దూలో 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ. నిజాం రోజుల్లో ఇక్కడ తోటలుండేవనీ, తీగ కంచె వేసిన చౌకీ ఒకటి ఉండేదనీ, ఆ పేరే నిలిచిపోయిందనీ పెద్దవాళ్లు చెబుతారు.

● కేబుల్ కారును మోసే ఇనుప తాడు పుట్టింది గనుల్లో. జర్మనీలోని హార్జ్ కొండల్లో గనుల అధికారిగా పనిచేసిన విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1834లో ఇనుప తీగలను మెలిపెట్టి తాడు పేనించాడు. అప్పటిదాకా గనిలోంచి ముడిఖనిజం పైకి లాగడానికి నారమోకులు, ఇనుప గొలుసులు వాడేవాళ్లు. గొలుసులో ఒక్క లంకె తెగితే బరువంతా కిందికి పోతుంది, ముందుగా ఏ సూచనా ఉండదు. తీగల తాడు అలా కాదు. ఒక తీగ తెగినా పక్కవి బరువు మోస్తాయి. ఈలోగా మనిషి చూసుకుని తాడు మార్చేయొచ్చు. ఇప్పటికీ కేబుల్ కారు తాళ్లను అయస్కాంతంతో పరీక్షిస్తారు. తాడు లోపల, కంటికి కనపడని చోట తీగ తెగి ఉంటే అయస్కాంత క్షేత్రంలో తేడా వచ్చి పరికరం పట్టేస్తుంది.

● కొండ మీదికి వెళ్లే పెద్ద కేబుల్ కారు పనిచేసే తీరు మన బావి గిలకదే. గిలక మీద తాడు, తాడుకు రెండు కొసల్లో రెండు బొక్కెనలు ఉంటే ఒకటి దిగుతుంటే రెండోది పైకి వస్తుంది. ఇక్కడా రెండు పెట్టెలు. పైనుంచి దిగే పెట్టె బరువు కింది పెట్టెను పైకి లాగుతుంది. మోటారు మోయాల్సింది ఆ రెండింటి బరువుల్లో తేడాను, రాపిడిని మాత్రమే. పెట్టె చక్రాలు దొర్లే లావుపాటి తాడు వేరు, దాన్ని లాగే తాడు వేరు. గుల్మార్గ్‌లో ఉన్నది మరో రకం. అందులో ఒకే తాడు చుట్టలా ఆగకుండా తిరుగుతుంటుంది. చిన్న పెట్టెలు స్టేషన్లో తాడు పట్టు వదిలి నెమ్మదిస్తాయి, మనం ఎక్కాక మళ్లీ పట్టుకుంటాయి. ఆ తిరిగే తాడుకు ఎక్కడా ముడి ఉండదు. రెండు కొసల పోగులనూ పదుల మీటర్ల పొడవునా ఒకదాంట్లో ఒకటి చేత్తో అల్లి కలుపుతారు. జడ అల్లడం వచ్చిన చేతికి ఆ పని విలువ చప్పున అర్థమవుతుంది.

● ఎగ్వీ దు మిది అంటే మధ్యాహ్నపు సూది. షమొనీలో నిలబడి చూస్తే మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు ఆ సూదిమొన మీదుంటాడు. గడియారాలు లేని రోజుల్లో ఆ ఊరి రైతులకు పొద్దు చూపినది ఆ రాయే. మన పల్లెల్లో చెట్టు నీడ చూసి పూట చెప్పిన పెద్దవాళ్లు నాకు గుర్తొచ్చారు.

● ఈ కేబుల్ కారు 1955లో మొదలైంది. షమొనీ స్టేషన్ 1,035 మీటర్ల ఎత్తులో, మధ్య మజిలీ 2,317 మీటర్ల దగ్గర, పై స్టేషన్ 3,777 మీటర్ల దగ్గర ఉన్నాయి. అక్కణ్నుంచి చివరి 65 మీటర్లూ రాతిని తొలిచి కట్టిన లిఫ్టులో ఎక్కాలి. రెండు అంచెలూ కలిపి ఇరవై నిమిషాలే. రెండో అంచెలో నడిమధ్యన ఒక్క స్తంభం కూడా లేదు. దాదాపు 3 కిలోమీటర్ల తాడు ఈ కొస నుంచి ఆ కొసకు గాలిలోనే ఉంటుంది. అంత లావు తాడును అంత దూరం ఎలా సాగదీశారని తను అడిగింది. ముందు సన్నటి తాడు ఒకటి దాటిస్తారు. దాని కొసకు కాస్త లావుది కట్టి లాగుతారు, దానికి ఇంకా లావుది. లంగాలో బొందు ఎక్కించే పద్ధతే.

● ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, మన ఒళ్లు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. తెలంగాణలో ఏ గుట్టా వెయ్యి మీటర్లు దాటదు. ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమల అత్యున్నత శిఖరాలు 1,700 మీటర్ల లోపే. అంటే మనవాళ్లు చాలామంది పుట్టిన నాటి నుంచి ఒత్తుగా ఉన్న గాలే పీల్చారు. పైకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు. అక్కడా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 3,842 మీటర్ల దగ్గర ఆ ఒత్తిడి హైదరాబాదులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులు. అక్కడ మూడుసార్లు ఊపిరి తీస్తే అందేది తార్నాకలో రెండు ఊపిరులంతే.

శంషాబాద్‌లో విమానం ఎక్కినప్పుడే ఒంటికి ఎత్తు అలవాటు కావడం మొదలవుతుంది. గాల్లో ఉన్నంతసేపూ విమానం లోపలి ఒత్తిడి ఇంచుమించు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండేంత. రాత్రంతా ఊటీలో కూర్చున్నట్టే. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. కాకపోతే ఎవరెస్టు ఎక్కేవాళ్లు వారాల తరబడి ఒంటిని అలవాటు చేసుకుంటారు. కేబుల్ కారు మనల్ని ఇరవై నిమిషాల్లో 2,700 మీటర్లు పైకి తీసుకెళ్లి వదిలేస్తుంది.

అయినా బెంబేలు పడక్కర్లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా కొన్ని గంటలు గడిచాక బయటపడుతుంది. గంటా రెండు గంటలు ఉండి దిగేవాళ్లకు ఆయాసం, తల తేలిపోవడం, కొంచెం తలనొప్పి ఉండొచ్చు. పెట్టె దిగగానే ఫొటో కోసం మెట్ల మీద పరుగెత్తకూడదు. పెళ్లి పల్లకి మోసేవాళ్ల నడక నడవాలి. మధ్య మజిలీలో అరగంటో ముప్పావు గంటో ఆగితే ఇంకా మంచిది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్నవాళ్లు, గర్భిణులు ఇక్కడే డాక్టరును అడిగి వెళ్లాలి. చంటిపిల్లల్ని అంత ఎత్తుకు తీసుకెళ్లకూడదు. కళ్లు తిరిగి వాంతి వచ్చేలా ఉంటే మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. "ఇంతదూరం వచ్చి…" అనే మాట అప్పుడు నోట రానివ్వకూడదు.

తనకు ఒక పరీక్ష పెట్టాను. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్తాం కదా. ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఆగకుండా ఎక్కి దిగుతూ నాతో మాట్లాడాలి. మొదటి వారం రెండో రౌండుకే మాట తెగిపోయింది. ఆరో వారానికి అయిదు రౌండ్లయినా కబుర్లు ఆగలేదు.

● అదే ఆర్ట్స్ కాలేజీ గురించి ఇంకో సంగతి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1939 డిసెంబరు 4న ప్రారంభించిన ఆ భవనం గులాబీ రంగు గ్రానైటుతో కట్టినది. హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎగ్వీ దు మిది కూడా గ్రానైటే. దాని వయసు సుమారు 30 కోట్ల సంవత్సరాలు. అది ఆకాశంలోకి లేచింది ఇంకా ఇటీవల, ఆఫ్రికా వైపు నుంచి నేల యూరప్‌ను నెట్టుకొచ్చినప్పుడు. మన బండలు ఒకప్పటి పర్వతాల మూలాలు. ఎండా వానా కోట్ల ఏళ్లపాటు పైభాగాన్నంతా ఒలిచేశాక మిగిలినవి. క్యాంపస్‌లో చెట్ల కింద గుండ్రంగా కూర్చున్న ఆ బండలు ముత్తాతలైతే, మంచు కప్పుకున్న ఆల్ప్స్ నిన్న మొన్న పుట్టిన మునిమనవళ్లు. ఆ బండలను పగలగొట్టి ప్లాట్లు వేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

● చిన్నచిన్నవి కొన్ని. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే మన బియ్యం పలుకుగానే ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కిన కొద్దీ అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి మొహాన కొడుతుంది. అందుకే గడ్డం కింద, ముక్కుపుటాల దగ్గర కూడా సన్‌స్క్రీన్ రాయాలి, నల్లకళ్లద్దాలు తప్పనిసరి. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల పైచిలుకు చొప్పున చలి పెరుగుతుంది. షమొనీలో 20 డిగ్రీలుంటే పైన రెండు మూడు. గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఒక్క లావుపాటి కోటు కన్నా పొరలు పొరలుగా మూడు బట్టలు మేలు. చెవులు దిబ్బడేస్తే సోంపు నములుతూ గుటకలు మింగాలి.

● ఇఫ్లూ 1958లో ఇంగ్లిష్ బోధన సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను కూడా కలుపుకుంది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ మూడూ అక్కడ నేర్చుకోవచ్చు. ఆల్ప్స్‌లో చాలా స్టేషన్లలో బోర్డు మీద ఉండే భాషలు ఇవే. కేబుల్ కారును ఫ్రెంచ్‌లో టెలెఫెరీక్ అంటారు, జర్మన్‌లో జైల్‌బాన్, ఇటాలియన్‌లో ఫునివియా. ఇంకో రెండు మాటలు అంతకన్నా అవసరం. 'ఫెర్మే' అంటే మూసేశారు. 'దెర్నియేర్ దెసాంత్' అంటే చివరిసారి కిందికి దిగే కారు. ఆ వేళ ఎంతో పైకెక్కే ముందే చూసి రాసుకోవాలి.

అన్నట్టు అదే 1958లో కూనూరు కొండల మీదనుంచి ఒక సంస్థ తార్నాకకు దిగొచ్చింది. అదే జాతీయ పోషకాహార సంస్థ. అది కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలైన 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయమూ మొదలైంది.

● షమొనీ మీదున్న మంచు మన దేశపు కాగితాలను యాభై ఏళ్లు దాచింది. ఇది రాసుకున్న రోజు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

1966 జనవరి 24న బొంబాయి నుంచి లండన్ వెళ్తున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 'కాంచన్‌జంగా' జెనీవాలో దిగబోతూ షమొనీ పైనున్న మోబ్లాఁ పర్వతాన్ని గుద్దుకుంది. 117 మందీ చనిపోయారు. మన అణుశక్తి కార్యక్రమానికి పునాది వేసిన హోమీ జహంగీర్ భాభా వాళ్లలో ఒకరు. అంతకు ముందు 1950 నవంబరు 3న 'మలబార్ ప్రిన్సెస్' అనే మన విమానమే అదే పర్వతం మీద కూలి 48 మంది పోయారు.

మంచునది కదలనట్టు కనిపిస్తుంది కానీ రోజూ కొంచెం కొంచెం కిందికి జరుగుతుంది. బోసోఁ అనే ఆ మంచునది శిఖరం మీద పడినవాటిని తనలో కలుపుకుని దశాబ్దాలపాటు మోసి దిగువకు తెచ్చి వదులుతోంది. 2012లో మన విదేశాంగ శాఖ ఉత్తరాల సంచి ఒకటి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి రత్నాలున్న పెట్టె దొరికితే తీసుకెళ్లి పోలీసులకు అప్పజెప్పాడు. 2020లో ఆ మంచునది అంచున కాఫీ హోటల్ నడిపే ఆయనకు తడిసిన భారతీయ దినపత్రికల కట్ట దొరికింది. ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్న వార్త వాటి శీర్షికల్లో ఇంకా చదవడానికి వస్తోంది.

భాభా పోయిన మరుసటి ఏడాది, 1967లో, తార్నాకకు కొద్ది దూరంలో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. 1971లో దాని పక్కనే అణు ఇంధన సముదాయం వచ్చింది. ఈ రెండూ ఆయన వేసిన విత్తనాల మొక్కలే. మా కాలనీలో సగం ఇళ్లకు ఆ జీతాలే అన్నం పెట్టాయి. కేబుల్ కారు మొదటి అంచెలో ఎక్కుతుంటే కుడివైపు ఆ మంచునది కనిపిస్తుంది. "అక్కడ ఒక్క నిమిషం మాట్లాడకుండా చూడు" అని నోట్సులో ఎర్ర సిరాతో రాశాను.

● టికెట్ కొనేముందు శిఖరాన్ని తార్నాకలో కూర్చుని చూడొచ్చు. దాదాపు ప్రతి పెద్ద కేబుల్ కారుకూ పైన కెమెరా ఉంటుంది, ఆ బొమ్మను ఎవరైనా ఫోనులో ఉచితంగా చూడొచ్చు. వేసవిలో మనకూ ఫ్రాన్స్‌కూ మూడున్నర గంటల తేడా. అక్కడ పొద్దున 8 అయ్యేసరికి మనకు పదకొండున్నర. తను నెల రోజులు క్లాసుల మధ్య పదకొండున్నరకు ఒకసారి, సాయంత్రం ఆరున్నరకు ఒకసారి ఆ కెమెరా చూసి పుస్తకంలో గీతలు గీసింది. పొద్దున తేటగా ఉన్న రోజుల్లో కూడా మధ్యాహ్నానికి మబ్బు పట్టడం ఎన్నిసార్లో తనే లెక్క తేల్చింది. వేసవిలో పర్వతాల మీద ఎండకు గాలి వేడెక్కి లేచి, పొద్దెక్కేకొద్దీ మబ్బవుతుంది. కాబట్టి మొదటి కార్లలోనే ఎక్కాలి. ఆ ఊళ్లో ఒక్కరోజు కాదు, మూడు రోజులు ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకో ఊరు మానేయొచ్చు కానీ ఈ మిగులు రోజుల్ని మానకూడదు. ఈ నోట్సు అంతటిలో నేను పట్టుబట్టింది ఈ ఒక్క మాట మీదే.

● ఏటా వసంతంలోనో నవంబరులోనో చాలా కేబుల్ కార్లను రోజులు, వారాలు ఆపేసి తాళ్లు, బ్రేకులు విప్పి చూస్తారు. గాలి ఎక్కువైతే ఏ నెలలోనైనా ఆపుతారు. అలా ఆపినప్పుడు కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లను చూశాను. 2021 మే 23న ఇటలీలోని మొత్తరోనే కొండ మీద లాగే తాడు తెగిపోయింది. అలాంటప్పుడు మోసే తాడును పట్టుకుని నిలిపేందుకు అత్యవసర బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు మాటిమాటికీ పడి కారు ఆగిపోతోందని దాన్ని ముందే కట్టిపడేశారు. 14 మంది చనిపోయారు, ఒక్క పసివాడు బతికాడు. "ఈరోజు లేదు" అని చెప్పే ఉద్యోగి మన ప్రాణం గురించే చెబుతున్నాడు.

● వీసా సంగతి. జెనీవా స్విట్జర్లాండ్‌లో ఉంది, షమొనీ ఫ్రాన్స్‌లో ఉంది, మధ్య గంటన్నర లోపు ప్రయాణం. రెండిటికీ ఒకే షెంగెన్ వీసా చాలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అందులో పర్వతాల మీద రక్షణ ఖర్చు కలుస్తుందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి.

● ఎవరెస్టును 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా అమ్మాయి. రాయి ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. తార్నాక నుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డు పడితే గంట ప్రయాణం. కేబుల్ కారు ఎక్కబోయే ప్రతి పిల్లా ముందు ఒకసారి ఆ బండను చేత్తో తాకి రావాలని నాకుంది. మేమిద్దరం వెళ్లొచ్చాం.

● మన టూర్లలో ఎక్కువగా ఉండే స్విట్జర్లాండ్ శిఖరం టిట్లిస్‌కు 1992లో వచ్చినది ప్రపంచంలోనే మొదటి తిరిగే కేబుల్ కారు. అదే దేశంలోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు కేబుల్ కారు లేదు. 3,454 మీటర్ల ఆ చోటికి 1912 నుంచి రైలే వెళ్తోంది. బొలీవియా ప్రభుత్వం కొలువున్న లాపాజ్‌లో 2014 నుంచి జనం ఆఫీసులకు, బళ్లకు కేబుల్ కార్లలో వెళ్తున్నారు, మనం తార్నాకలో మెట్రో ఎక్కినట్టు.

● చివరిది సీసా సంగతి. ఖాళీ నీళ్ల సీసా మూత పైన బిగించి కిందికి తెస్తే నలిగిపోతుందని చదివి, ఒకటి బ్యాగులో వేసుకెళ్లమన్నాను.

మొదటి రోజు గాలి. కార్లు నడవలేదు. రెండో రోజు కెమెరాలో మబ్బు. మూడో రోజు ఇక్కడ పదకొండున్నర దాటాక ఫోనొచ్చింది. మాట్లాడుతూ మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. "అత్తా, మోబ్లాఁ మొత్తం కనిపిస్తోంది. ఎక్కేటప్పుడు మంచునది దగ్గర మాట్లాడలేదు. నెమ్మదిగానే నడుస్తున్నాను" అంది.

ఆ సీసా ఇప్పుడు మా ఇంట్లో పుస్తకాల షెల్ఫు మీద ఉంది. రెండు పక్కలూ లోపలికి అతుక్కుపోయి, ఎవరో గట్టిగా పిడికిట్లో పిండినట్టుంటుంది. ఇంటికొచ్చిన వాళ్లు చెత్తనుకుని తీయబోతే మా అమ్మే అడ్డుపడుతుంది. మూత ఇంకా తీయలేదు.